నూట నలభై రెండు దగ్గర ఆగిన ఫోను

రాజోలు బస్టాండు దాటాక, మందుల షాపుకీ టిఫిన్ హోటలుకీ మధ్య ఇరుక్కున్న చిన్న గదిలో సాయికుమార్ సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. అతని బల్ల మీద ఎప్పుడూ రెండు ఫోన్లుంటాయి. ఒకటి ఎవరిదో ఒకరిది, వెనక మూత ఊడదీసి బోర్లా పడుకోబెట్టి ఉంటుంది. రెండోది అతనిదే, గోడకి ఆనించి నిలబెట్టి ఉంటుంది. దాని తెర మీద పెద్దగా ఒక అంకె, పక్కన చిన్న బాణం గుర్తు.

షాపుకి వచ్చినవాళ్ల చూపు ముందు దాని మీదే పడుతుంది. అరటి గెలల వ్యాపారం చేసే కుమారస్వామిగారైతే వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "ఏంటబ్బాయ్, షేర్ మార్కెట్టా? ఇవాళ లేచిందా, పడిందా?"

"పడకుండా ఉంటే చాలండి," అంటాడు సాయికుమార్, చేతిలో పని మీంచి తల ఎత్తకుండా. ఆయన నవ్వుతారు. ఇతనూ నవ్వుతాడు. ఆ అంకె ఏమిటో అందరికీ చెప్పుకోవడం అతనికి ఇష్టం లేదు.

అది అతని ఆరేళ్ల కూతురు లాస్య రక్తంలో ఆ నిమిషాన ఉన్న చక్కెర.

కిందటేడు ఎండల్లో లాస్య చెంబు తర్వాత చెంబు నీళ్లు తాగేది. పక్క తడిపేది. చూస్తూండగా బుగ్గలు లోపలికి పోయాయి. ఎండదెబ్బ అన్నారు కొందరు. సాయికుమార్ తల్లి లోవమ్మ దిష్టి అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఒకరోజు పొద్దున్న పిల్ల వాంతులు చేసుకుని, పరిగెత్తి వచ్చినట్టు రొప్పడం మొదలుపెట్టింది. అమలాపురంలో డాక్టరుగారు దాని నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, ఎక్కడా ఆగకుండా కాకినాడ తీసుకుపొమ్మన్నారు.

పెద్దవాళ్లకొచ్చే షుగరు కాదది. పిల్ల ఒంట్లో ఇన్సులిన్ పుట్టడమే ఆగిపోయింది. ఇక బతికినంత కాలం సూదితో ఎక్కించాల్సిందే. తక్కువ ఎక్కిస్తే చక్కెర పెరిగి రక్తం పాడవుతుంది. ఎక్కువ ఎక్కిస్తే చక్కెర పడిపోయి పిల్ల స్పృహ తప్పుతుంది. "అప్పుడు పక్కన ఎవరూ లేకపోతే..." అని కాకినాడ డాక్టరమ్మ ఆగిపోయింది. సాయికుమార్ ఎలక్ట్రానిక్స్‌లో బి.ఎస్సీ. చేసినవాడు. బోర్డుకి కరెంటు అందకపోతే ఏమవుతుందో రోజూ చూసేవాడికి, మెదడుకి చక్కెర అందకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత నాలుగు నెలలకి అతని భార్య సత్యదుర్గ కువైట్ వెళ్లింది. ఇద్దరిలో ఒకరు వెళ్లకపోతే గడవదని తేలిపోయింది. ఇంటి పనికైతే ఆడవాళ్లకి వీసా తొందరగా వస్తుంది. అక్కడ ఒక ముసలావిడని చూసుకునే పని దొరికింది. ఆ ముసలావిడ మనవడికి పన్నెండేళ్లు. వాడికీ లాస్యకున్న జబ్బే. వాడి చేతికి, భుజం కింద, రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దది, తెల్లటి బొత్తాం అంటించి ఉండడం, దాంట్లోంచి అంకె ఫోనులోకి రావడం, అంకె పడిపోతే ఫోను మోగడం సత్యదుర్గ చూసింది. సెన్సార్ అంటారు దాన్ని. ఒక్కోటి రెండు వారాలు పనిచేస్తుంది. ఇక్కడా దొరుకుతాయి గానీ నెల నెలా కొనడం వీళ్ల వల్ల అయ్యే పని కాదు. ఆ ఇంటి అమ్మగారు తన కొడుక్కి తెప్పించుకున్నప్పుడల్లా, "మీ పిల్లకి పంపించు" అని ఒకటో రెండో సత్యదుర్గ చేతిలో పెట్టేది.

కోనసీమలో కువైట్ నుంచి వచ్చినవాళ్ల పెట్టె ఒక్క ఇంటి పెట్టె కాదు. పది ఇళ్ల సామాను అందులో ఉంటుంది. మలికిపురం దగ్గర ఉండే ముత్యాలు పిన్ని సెలవు మీద వచ్చినప్పుడు సాయికుమార్ వెళ్లేసరికే వసారా నిండా జనం. తాళ్లు కోసి పెట్టె తెరిచారు. పాలపొడి డబ్బాలూ సెంటు సీసాలూ దుప్పట్లూ, అన్నిటి మీదా పేర్లు. ఆవిడ అందరికీ అన్నీ ఇచ్చేసి, ఆఖర్న తన చీరల మడతల్లోంచి రెండు చిన్న అట్టపెట్టెలు తీసింది.

"మీ ఆవిడ నన్ను బతకనిచ్చింది కాదబ్బాయ్. ఇవి నలగకూడదంట, వేడి తగలకూడదంట. విమానంలో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, చంటిపిల్లని పెట్టుకున్నట్టు."

ఆ సాయంత్రం సెన్సార్ లాస్య చేతికి, భుజం కింద అంటించి, తయారుచేసిన కంపెనీ వాళ్ల యాప్ ఫోనులో వేసి, దగ్గర పెట్టాడు. ఫోను ఒకసారి వణికింది. 'ఈ సెన్సార్ మీ ప్రాంతంలో వాడడానికి వీలు లేదు' అని చూపించింది. కంపెనీకి ఫోన్ చేశాడు. ఏ దేశంలో కొన్న సెన్సార్ ఆ దేశంలోనే పనిచేస్తుందని అవతల అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. పిల్ల ఆ దేశంలో లేదండి, ఇక్కడుందండి అన్నాడు. అర్థమైంది సర్, ఇంకేమైనా సహాయం చేయగలనా అంది.

సెన్సార్ చెడిపోలేదు. చక్కగా పనిచేస్తోంది. పిల్ల చర్మం కింద చక్కెర కొలుస్తోంది. ఆ కొలిచింది తండ్రికి చెప్పకూడదని ఎవరో ఎక్కడో సాఫ్ట్‌వేరులో ఒక వరస రాసి మూత పెట్టేశారు. ఫోన్లు బాగుచేసేవాడికి ఈ సంగతి కొత్తేమీ కాదు. మరలు బిగించిన ఫోన్లు కొన్నుంటాయి, విప్పి చూడొచ్చు. జిగురు పెట్టి అంటించినవి కొన్నుంటాయి, విప్పితే పగులుతాయి. సాఫ్ట్‌వేరులో కూడా ఆ రెండు జాతులున్నాయి.

మూడు రోజులు వెతికాక అతనికి మరలు బిగించిన జాతి యాప్ ఒకటి దొరికింది. ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులే తలో దేశంలో కూర్చుని రాసినది. డబ్బు లేదు, తాళం లేదు. అది ఎలా రాశారో ప్రతి అక్షరం ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటారు. అందులో దేశం అడిగే వరస లేదు. సెన్సార్ దగ్గర పెట్టగానే అంకె వచ్చింది. సాయికుమార్ ఫోన్ చేసి భార్యకి చెబితే ఆవిడ అవతల ఏడ్చింది. లోవమ్మ దేవుడి గూటి ముందు కొబ్బరికాయ కొట్టింది.

ఇక కావలసింది లాస్య బడి సంచిలో ఉంచడానికి ఒక ఫోను. సెన్సార్ చెప్పింది ఆ ఫోను అందుకుని, నెట్ మీద షాపులో ఉన్న తండ్రి ఫోనుకి పంపాలి. బాగుచేయమని ఇచ్చి మళ్లీ ఎవరూ తీసుకెళ్లని ఫోన్లు ప్రతి రిపేరు షాపులోనూ ఉంటాయి. వాటిలోంచి అతను తన వృత్తివాడు ఎవడైనా ఎంచుకునేదే ఎంచుకున్నాడు, అన్నిటికంటే ఎక్కువసేపు చార్జింగు నిలిచే దాన్ని. ఆ కంపెనీ ఫోన్లకి చార్జింగులోనే పేరు. రెండు రోజులైనా దిగదు. బడిలో ఉండగా ఫోను ఆరిపోతుందేమోనన్నదే అతని భయం. బ్యాటరీ అంతసేపు ఎందుకు నిలుస్తోందని మాత్రం తనని తాను అడుక్కోలేదు.

బడి శివకోడు వెళ్లే దారిలో కాలవ గట్టున ఉంటుంది. ఒకటో తరగతి టీచరు సలోమి గారు ఫోను లోపలికి రానివ్వడానికి హెడ్మాస్టరుని తనే ఒప్పించింది. పిల్లని తను కూడా గంట గంటకీ చూస్తూ ఉంటానంది. అప్పుడు సాయికుమార్ అన్నాడు, "మీరేం శ్రమ పడొద్దండి టీచర్ గారూ. అంతమంది పిల్లల్తో మీకు అసలే ఊపిరాడదు. ఫోనే చూసుకుంటుందండి, పడిపోతే నాకు మోగుతుంది. క్షణంలో వచ్చేస్తాను."

"ఆయ్, అలాగేనండి," అంది ఆవిడ.

ఒకరిని ఇబ్బంది పెట్టకూడదన్న మర్యాద అది. గోదావరి జిల్లాల్లో చిన్నప్పట్నించీ ఉగ్గుపాలతో పోసేది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అతని గుండె ఆ మాట దగ్గరే ఆగేది. తన కూతుర్ని చూస్తానన్న మనిషిని తనే చేతులు జోడించి వద్దన్నాడు.

మొదటి నెల బాగానే గడిచింది. ఆలోగా కువైట్ నుంచి వచ్చిన ఇంకెవరి పెట్టెలోనో మరి కొన్ని సెన్సార్లు అందాయి. ఒకసారి అంకె తగ్గి ఫోను మోగింది కూడా. వెళ్లి గ్లూకోజు తాగించి వచ్చాడు. ఆ ధైర్యంతో షాపు మళ్లీ మామూలుగా నడపడం మొదలుపెట్టాడు.

ఆ రోజు పొద్దున్న కుమారస్వామిగారి ఫోనుకి కొత్త తెర వేస్తున్నాడు. గోడకి ఆనించిన ఫోనులో నూట నలభై రెండు. చక్కటి అంకె. కాసేపయ్యాక తల ఎత్తాడు, నూట నలభై రెండే. టీ తాగి వచ్చి చూశాడు, అదే. రక్తంలో చక్కెర అంతసేపు కదలకుండా ఉండదని అతనికి తెలుసు. తెలిసిన సంగతిని ఆ పూట మనసు పక్కకి నెట్టేసింది. భయపడి భయపడి అలిసిపోయిన మనిషికి నిలకడగా ఉన్న అంకె మంచం వేసినట్టే ఉంటుంది. ఇవాళ లెక్క సరిగ్గా కుదిరింది అనుకున్నాడు. ఈల వేసినట్టు కూడా అతనికి గుర్తు.

అప్పుడు సలోమి గారి ఫోను వచ్చింది. ఆటల పీరియడ్ అయి వచ్చాక లాస్య బల్ల మీద తల పెట్టి పడుకుందట, నిద్రనుకుందట, ఇప్పుడు లేపితే లేవడం లేదట.

తెర మీద నూట నలభై రెండు.

బండి మీద కాలవ గట్టున ఎలా వెళ్లాడో అతనికి తెలియదు. పిల్లని ఆవిడ ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఒళ్లంతా చల్లటి చెమట, పెదాలు తెల్లగా ఉన్నాయి, కళ్లు సగం తెరిచి ఉన్నా ఎవరినీ చూడడం లేదు. వేలు గుచ్చి రక్తం చుక్క మీటరులో పెడితే, డెబ్బై కంటే దిగకూడనిది నలభై ఒకటి. గ్లూకోజు పొడి తడిపి వేలితో బుగ్గ లోపల రుద్దాడు. మళ్లీ రుద్దాడు. లాస్యా, లాస్యా అని పిలుస్తున్నానని అతను అనుకున్నాడు గానీ, నోట్లోంచి మాట రాలేదని సలోమి గారు తర్వాత చెప్పింది. తరగతిలో పిల్లలందరూ గోడకి అంటుకుని నిలబడ్డారు. ఎంతసేపటికో పిల్ల నాలిక కదిలి ఆ వేలు చప్పరించింది.

ఇంకాసేపటికి కళ్లు నిలబడ్డాయి. "నాన్నా, నా రబ్బరు ఎవరో తీసేసేరు," అంది.

సలోమి గారు పక్కకి వెళ్లి ఏడ్చింది. "మీరు ఫోను చూసుకుంటుందన్నారు కదాండీ. నేను రెండుసార్లు చూసేను. లేపుదామనుకున్నాను. ఆయనకి తెలుస్తూనే ఉంటుంది కదా, నేనెందుకు కంగారు పెట్టడం అనుకున్నానండి."



రెండు రోజులు షాపు తెరవలేదు. పిల్ల పక్కనే కూర్చుని, ఎవరి తప్పో తేల్చుకోవాలని పట్టుబట్టాడు. ఫోను కంపెనీకి ఫోన్ చేశాడు, మెయిల్ రాశాడు. 'మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది' అని జవాబు వచ్చింది. రెండోసారి రాస్తే, మనిషి ఎవరూ చదవలేదనడానికి సాక్ష్యంగా, అదే జవాబు అక్షరం పొల్లు పోకుండా మళ్లీ వచ్చింది.

యాప్ రాసినవాళ్లు మాట్లాడుకునే చోట కూడా రాశాడు. తన ఇంగ్లీషు తప్పులతో, కోపంతో, నా కూతురు చచ్చిపోయేది అని రాశాడు. గంట తిరక్కుండా ఒక మనిషి పలికాడు. ఫిన్‌లాండ్ ఆయన, ఆయన కొడుక్కీ ఇదే జబ్బు. ముందు పిల్ల ఎలా ఉందని అడిగాడు. తర్వాత, యాప్ తను చేసిన ప్రతి పనీ తనకి తానే రాసిపెట్టుకుంటుంది, ఆ రాతని పంపమన్నాడు. ఇద్దరూ దాన్ని వరస వరసా చదివారు. ఆటల పీరియడ్ మొదలవక ముందే ఆ రాత ఆగిపోయింది. తప్పు జరిగిందని లేదు, హెచ్చరిక లేదు. రాస్తున్నవాడి పీక ఎవరో వెనక నుంచి నొక్కేసినట్టు వరస మధ్యలో ఆగిపోయింది.

నొక్కింది ఫోనే. ఫోనుని నడిపించే అసలు సాఫ్ట్‌వేరు, ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు, ఈ కంపెనీ వాళ్లు దాన్ని తమకి కావలసినట్టు మార్చుకుని మూత పెట్టుకున్నారు. తెర ఆరిపోయి ఉన్న ఫోనులో ఏ యాప్ పనిచేస్తున్నా అది చంపేస్తుంది. నిద్రపోనివ్వొద్దని సెట్టింగుల్లో చెప్పినా, ఒక్కోసారి వింటుంది, ఒక్కోసారి వినదు. ఎప్పుడు వినదో లోపల రాసినవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. బ్యాటరీ రెండు రోజులు వచ్చేది అందుకే.

సరే, సంచిలో ఉన్న ఫోను చచ్చింది. మరి నా ఫోనులో నూట నలభై రెండు ఎందుకు కనబడుతూనే ఉంది, అని అడిగాడు సాయికుమార్.

 అది మా తప్పే, అని రాశాడు ఫిన్‌లాండ్ ఆయన. కొత్త అంకె రాకపోతే పాత అంకెనే చూపిస్తూ ఉంటుంది. ఎంత పాతదో మూలన చిన్న అక్షరాల్లో రాస్తుంది, నీ ఫోనులో ఆ మూల తెర అంచు కింద దాక్కుంది. ఆ భాగం రాసినాయన మానేసి చాలా కాలమైంది. ఆ తర్వాత ఎవరూ చూడలేదు.

ఎవరూ చూడలేదు. ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చని గొప్పగా తెరిచిపెట్టిన దాన్ని ఎవరూ చూడలేదు. సాయికుమార్ ఫోను మంచం మీదికి విసిరేశాడు.

అతని షాపు వెనక గుమ్మంలోంచి పక్క హోటలు వంటిల్లు కనబడుతుంది. అక్కడ పిండి ఎలా కలుపుతారో చూశాక అతను ఆ ఇడ్లీ తినడం మానేశాడు. ఇప్పుడు యాప్ లోపలి రాత చదువుతుంటే అలాగే ఉంది. ఒకచోట ఎవరో రాసి ఉంచారు, 'ఇది ఎలా పనిచేస్తోందో నాకూ తెలియదు, దయచేసి కదపకండి' అని. నా పిల్ల ఊపిరి దీని మీద ఆధారపడి ఉందా అనిపించింది. అయితే మూత పెట్టిన వంటిల్లు శుభ్రంగా ఉంటుందని ఎవరు చెప్పారు? కనబడదు కాబట్టి తింటాం. ఫోనుదీ యాప్‌దీ, వాడే ముందు సరేనని నొక్కే ఒప్పందాలు రెండూ మొదటిసారి పూర్తిగా చదివాడు. కంపెనీ వాళ్లది చాంతాడంత, వీళ్లది పది వరసలు. ఇద్దరిదీ ఒకటే మాట, దీనివల్ల ఏం జరిగినా బాధ్యత మాది కాదు.

తర్వాతి వారం అతను ఆ ఫోనులోంచి కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్‌ని పూర్తిగా చెరిపేసి, అందరూ కలిసి రాసుకున్న తెరిచిన సిస్టమ్ ఎక్కించాడు. యాప్‌ని ఎవరూ చంపలేదు. రోజంతా బతికే ఉంది. కానీ సెన్సార్ మాట వినే బ్లూటూత్ చిప్పు మాటిమాటికీ తప్పిపోవడం మొదలుపెట్టింది. చిప్పు లోపలి రహస్యం చిప్పు కంపెనీది, బయటివాళ్లు ఊహించి రాసినది సగం సగం పనిచేస్తోంది. యాప్ ఒక మనిషి అనుకుంటే, కంపెనీ సిస్టమ్‌లో చెవి పనిచేస్తుంది గానీ మనిషినే చంపేస్తుంది. తెరిచిన సిస్టమ్‌లో మనిషి బతికుంటాడు, చెవి వినబడదు. షాపులో ఉన్న ఫోన్లన్నీ వరసగా పెట్టి చూశాడు. ఒక్కోదానికి ఒక్కో రోగం. మంచివని పేరున్న మోడల్ ఒకటి రాజమండ్రి నుంచి పాతది తెప్పిస్తే, దాని బోర్డు ఎవరో మార్చేశారు, నాలుగో రోజుకి అదీ పోయింది.

లాస్యని బడి మాన్పించాడు. పిల్ల షాపులో అతని పక్కన స్టూలు మీద కూర్చునేది. ఏ ఫోను చూపించే అంకెనీ నమ్మలేక గంటకోసారి వేలు గుచ్చేవాడు. వేళ్ల చివర్ల మీద నల్లటి చుక్కలు పడ్డాయి. బడికెప్పుడు, బడికెప్పుడు అని అడిగి అడిగి, ఒకరోజు అడగడం మానేసింది. అందుకు అతనికి మరీ భయం వేసింది.

మధ్యాహ్నాలు ముసలావిడ కునుకు తీసేటప్పుడు సత్యదుర్గ ఫోన్ చేసేది. ఆ రోజు అతను ఎత్తగానే అడిగేసింది.

"ఏవండీ, నేను వచ్చేయనా?"

"వస్తే సెన్సార్లు ఎలా దుర్గా?"

"పనిచేయని సెన్సార్లెందుకండి? పంపేదాన్ని పిచ్చిదాన్ని." ఆవిడే మళ్లీ అంది, "ఇక్కడ ఈ పిల్లాడి ఫోను మోగితే ఇంట్లో అందరికంటే ముందు నేనే పరిగెడతాను. వాళ్లమ్మ కంటే ముందు. నా పిల్లదానికి మోగదు."

 బాగుచేసేస్తాను అని అతను చెప్పలేకపోయాడు. ఎవరు ఫోను తెచ్చిచ్చినా రేపు రండి, అయిపోతుందండి అని చెప్పే నోరు.

ఆ కసితోనే కూర్చున్నాడు. కాలేజీలో నేర్చుకున్న ప్రోగ్రామింగు సగం మరిచిపోయాడు. మిగిలిన సగంతో, నూట నలభై రెండుని తెర మీద నిలబెట్టిన ఆ భాగాన్ని వెతికి పట్టుకున్నాడు. ఫోను చావకుండా ఆపడం తన వల్ల కాదు. చచ్చిపోయిన అంకె బతికున్నట్టు నటించకుండా ఆపొచ్చు. కొత్త అంకె రావడం కాస్త ఆలస్యమైతే పాతది చెరిపేసి, దాని చోట రెండు అడ్డగీతలు పెట్టి, ఫోను మోగించాలి. అంతే. ఆ కాస్త రాయడానికి అతనికి రెండు వారాలు పట్టింది. ఫిన్‌లాండ్ ఆయన ఓపిగ్గా తప్పులు దిద్దాడు.

అందరి ముందూ పెట్టాక పెద్ద వాదన. మాటిమాటికీ గీతలు కనబడితే తల్లులు బెదిరిపోతారు అన్నారు కొందరు. పాతదైనా ఒక అంకె ఉండడం నయం కదా అన్నారు. సాయికుమార్ ఆ వేళ షాపులో జరిగింది, తను ఈల వేయడంతో సహా, రాసి పెట్టాడు.  మార్పు ఒప్పుకున్నారు. కొత్త వెర్షన్‌లో చేర్చారు. తోడు రాసినవాళ్ల పేర్లలో రాజోలు సాయికుమార్ పేరు చేరింది.

సంతోషిస్తాడని ఎవరైనా అనుకుంటారు. ఆ సాయంత్రం అతను తను రాసినదాన్నే మొదట్నించీ మళ్లీ మళ్లీ చదివాడు. తను రాసిన వరసలు ఇప్పుడు ఎక్కడెక్కడి పిల్లల సంచుల్లోనో ఉన్నాయి. వాటిలో తనకి తెలియని తప్పు ఉంటే? అసలు మోగాల్సినప్పుడు మోగకపోతే? ఇన్నాళ్లూ ఒక్క పిల్ల కోసం భయపడ్డాడు. బాధ్యత మాది కాదన్న ఆ పది వరసల కింద ఇప్పుడు తన పేరూ ఉంది. దాన్ని చూసి ఎంతగా తిట్టుకున్నాడో, ఇప్పుడు దాని చాటున నిలబడడానికి అంత సిగ్గేసింది.

మర్నాడు బడికి వెళ్లి సలోమి గారి ముందు నిలబడ్డాడు. 

"టీచర్ గారండి, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికొచ్చేను. రోజూ పెడతానండి. ఫోనుకి తెలియకపోతే తెలియదనే చెబుతుంది ఇప్పుడు. అలా చెప్పినప్పుడల్లా మీకు ఫోన్ చేస్తాను. పిల్లని కదిపి చూడాలండి. విసుగొచ్చినా చూడాలి."

"మీరు మొదట్నించీ ఇలా అడిగుంటే బాగుండునండి," అంది ఆవిడ. కోపంగా అనలేదు. "తీసుకురండి. నా కుర్చీ పక్కనే కూర్చోబెట్టుకుంటాను."

లాస్య మళ్లీ బడికెళ్లిన మొదటి రోజు. సంచిలో తెరిచిన సిస్టమ్ ఎక్కించిన ఫోనే ఉంది, మధ్యలో తప్పిపోయినా మళ్లీ వింటుంది. సాయికుమార్ బల్ల మీద ఎవరి ఫోనూ విప్పి లేదు. అంకె నూట అరవై, నూట యాభై ఐదు. తర్వాత గీతలు. ఫోను మోగింది. సలోమి గారికి చేశాడు, పాటలు పాడుతోందండి అంది. కాసేపటికి అంకె వచ్చింది. మళ్లీ గీతలు. మళ్లీ చేశాడు. బాగానే ఉందండి, నవ్వుతోందండి అంది. మూడోసారికి ఆవిడ ఎత్తగానే, ఇంకా అతను అడక్కుండానే, "ఇదిగోనండి, చూస్తున్నాను," అంది. నాలుగోసారి ఆవిడ ఫోను ఎత్తలేదు. పాఠం చెబుతూ ఉండి ఉంటుంది అనుకున్నాడు.

ఆ వేళకే ఎవరో ఒక తల్లి రాసిన మెయిల్ అతని ఫోనులోకి వచ్చింది. ఏ దేశమో తెలియదు. మీరు మార్చిన దగ్గర్నుంచీ రోజంతా ఈ గీతలే కనబడుతున్నాయి, నాకు కంటి మీద కునుకు లేదు, ఇదివరకు ప్రశాంతంగా ఉండేదాన్ని, పాతదే తిరిగి ఇచ్చేయండి అని రాసింది. అతను జవాబు మొదలుపెట్టి చెరిపేశాడు. మళ్లీ మొదలుపెట్టాడు. అమ్మా, మీకు ఇదివరకు కనబడిన అంకెల్లో ఎన్ని నిజమో నాకు తెలియదు, అని రాసి పంపించాడు. అంతకంటే ఓదార్పు అతని దగ్గర లేదు.

అంకె ఇంకా రాలేదు. సలోమి గారు ఇంకా ఎత్తలేదు.

షట్టరు సగం దించి బండి తీశాడు. దారిలో కాలవ వంతెన దగ్గర కొబ్బరికాయల లారీ అడ్డంగా ఆగి ఉంటే, బండి అక్కడే వదిలేసి మిగతా దూరం పరిగెత్తాడు. బడి కిటికీ పక్కకి వచ్చి ఊచలు పట్టుకున్నాడు.

టీచరు కుర్చీ పక్కన చిన్న బల్ల. లాస్య తల వంచుకుని ఏదో బొమ్మకి రంగు వేస్తోంది. రంగు పెన్సిలు పట్టుకున్న చెయ్యి కదులుతోంది. సలోమి గారు నల్లబల్ల మీద రాస్తూ, మధ్య మధ్య వెనక్కి తిరిగి పిల్ల వైపు చూస్తోంది. కిటికీ దగ్గరున్న మనిషిని చూడలేదు.

అతను ఫోను తీసి చూశాడు. రెండు గీతలు. మళ్లీ లాస్య చేతి వైపు చూశాడు. ఎర్ర రంగు పెన్సిలు కింద పెట్టి, పసుపు రంగుది తీసుకుంది. అది కదులుతోంది. ఇంటి గంట కొట్టేదాకా అతను ఆ ఊచలు వదల్లేదు.